ఏకాంబరం ముడి జారిన వైనం

తిరుపతిలోని స్వర్ణముఖి విశ్వవిద్యాలయం ఫిజిక్సు శాఖలో ఏకాంబరం చేసే పని ఏమిటని అడిగితే ఒక్కొక్కరు ఒక్కొక్కటి చెప్పేవారు. ప్రొఫెసర్లకు అతను ఫ్యాను తిరగనప్పుడు పిలవాల్సిన మనిషి. విద్యార్థులకు లేతు మిషను దగ్గర వేళ్లు తెగకుండా చూసే మనిషి. ఆఫీసుకు మాత్రం అతను మనిషే కాడు, మస్టరు రోలులో ఒక గీత. తొమ్మిదేళ్లుగా దినకూలీ మీద మెకానిక్కు. ఎనభై తొమ్మిది రోజులు పని చేయించుకుని, తొంభయ్యో రోజు ‘నిలుపు’ అని రాసేవారు. వరసగా తొంభై రోజులు చేస్తే ఎక్కడ ఉద్యోగం అడుగుతాడోనని ఆ ఏర్పాటు. నిలుపు రోజున కూడా ఏకాంబరం వచ్చేవాడు, ఎందుకంటే నిలుపు రోజున కూడా ఫ్యాన్లు ఆగిపోయేవి. అంతమంది డాక్టరేట్లు ఒకచోట కూడితే ఈపాటి తెలివి పుట్టడంలో వింతేమీ లేదు.

అతనిది నగరి, నేతవాళ్ల ఇల్లు. ఎనిమిదేళ్ల వయసు నుంచే నాయన పక్కన కూర్చుని, మగ్గం మీద తెగిన పోగులు అతికేవాడు. ఆ ముడి కంటికి కనిపించకూడదు, వేలికి తగలకూడదు, ఎంత గుంజినా జారకూడదు. జారిందంటే నాయన కొట్టేవాడు కాదు, తిట్టేవాడు కాదు. ఆ రోజుకు వాడితో మాట్లాడేవాడు కాదు, అంతే. అందుకే పదేళ్లు నిండేసరికి ఏకాంబరం చేతికి జారే ముడి వేయడం మరుపైపోయింది. తర్వాత ఊరంతా పవర్‌లూములు వచ్చాయి, ఇంట్లో చేమగ్గం మూలబడింది. ఏకాంబరం తిరుపతి వచ్చి, మోటార్లకు తీగ చుట్టే అంగట్లో పని నేర్చుకుని, అక్కడినుంచి యూనివర్సిటీలో పడ్డాడు.

పందొమ్మిది వందల ఎనభై నాలుగు డిసెంబరుకు అతనికి ముప్ఫై అయిదు నిండుతాయి. ముప్ఫై అయిదు దాటినవాణ్ని కొత్తగా ఉద్యోగంలోకి తీసుకోకూడదని రూలు. అంటే ఆ సంవత్సరం లోపల పర్మనెంటు కాకపోతే ఇక జన్మకు కాడు. భార్య దేవకమ్మ ఈ మాట రోజుకు ఒకసారైనా గుర్తు చేసేది. గుర్తు చేయనవసరం లేదు. ఏకాంబరానికి ఇంకో ఆలోచనే లేదు.

అలాంటి సమయంలో శాఖకు పెద్ద అయిన ప్రొఫెసర్ ధనంజయ గారు ఒక విదేశీ సభకు వెళ్లి వచ్చారు. అక్కడెక్కడో కాలేజీ పిల్లలు చిన్న ఉపగ్రహం తయారు చేశారని విన్నారట. దిగీ దిగగానే, తన శాఖ విద్యార్థులు ఉపగ్రహం తయారు చేస్తున్నారని పత్రికలకు చెప్పేశారు. విద్యార్థులు ఆ సంగతి పత్రికలోనే చదువుకున్నారు. ఆలూ లేదు, చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం.

అయినా పిల్లలు పనిలోకి దిగారు. మొదట ఇరవైమంది దిగారు. ఫోటో తీసిన మరునాడు పదకొండు మంది మిగిలారు, సోల్డరింగు పొగ మొదలయ్యాక అయిదుగురు మిగిలారు. ఆ అయిదుగురిలో నిజంగా పని చేసింది చిత్తూరు పిల్ల పంకజాక్షి, ఎమ్మెస్సీ రెండో సంవత్సరం. చాలా ఎత్తున గాలి పలచబడిన చోట కరెంటు కణాలు ఎన్ని ఉంటాయో లెక్కపెట్టి కిందికి చెప్పే పెట్టె ఆ ఉపగ్రహం. పాలక్యాను మోసేవాడు ఒక చేత్తో ఎత్తగలిగినంత. పెద్ద ఉపగ్రహం ఒకటి పోయేటప్పుడు దాని పక్కన దీన్ని కూర్చోబెట్టి పంపుతామని రాకెట్టు పంపే పైవాళ్లు ఒప్పుకున్నారు. షరతులు రెండే. బరువు పదకొండు కిలోలకు ఒక్క గ్రాము మించకూడదు. శ్రీహరికోటలో వణుకుడు బల్ల మీద పెట్టి కుదిపినప్పుడు చెడిపోకూడదు, ఎందుకంటే రాకెట్టు లేచేటప్పుడు కుదుపు అంతకంటే తక్కువేమీ ఉండదు.

పెట్టె లోపల వైర్లు వందలు. వాటిని కట్టలుగా చేర్చి, మైనం పట్టించిన దారంతో వేలెడు దూరానికొక ముడి వేసి బిగించాలని శ్రీహరికోట ఇంజినీరు రాసి పంపిన కాగితంలో ఉంది. విద్యార్థులు వేసిన ముళ్లు పొద్దున వేస్తే మధ్యాహ్నానికి వదులయ్యేవి. పంకజాక్షి వేసినవి భోజనం దాకా కూడా ఆగేవి కావు. ఊడ్చడానికి వచ్చిన ఏకాంబరం ఒక రోజంతా ఇది చూసి, ఓర్చుకోలేక చీపురు పక్కన పెట్టి దారం అందుకున్నాడు. మూడు వారాల్లో నాలుగు వందల పై చిలుకు ముళ్లు వేశాడు. కోట ఇంజినీరు చూడడానికి వచ్చినప్పుడు ఒక్కొక్క ముడినీ గోటితో గీరి చూసి, ఇది ఎవరు చేశారని అడిగాడు. మా శాఖ చేసింది అన్నారు ధనంజయ గారు.

ఆయన సాయంత్రం ఏకాంబరాన్ని గదిలోకి పిలిచి, పెట్టె వణుకుడు బల్ల దాటిందంటే అతని ఫైలు తానే పట్టుకుని పోయి సంతకాలు చేయిస్తానని మాట ఇచ్చారు. ఏకాంబరం ఆ మాట మోసుకుని ఇంటికి పోయాడు. దేవకమ్మ నమ్మలేదు గాని, నమ్మనట్టు కనిపించలేదు. ఆ రోజు నుంచి పెట్టె అతనికి పెట్టె కాదు, ఉద్యోగం.

ఇక పలక సంగతి చెప్పాలి. ఎవరికి తట్టిందో తెలియదు, పెట్టెకు ఒక ఇత్తడి పలక బిగించాలని, దాని మీద పేర్లు చెక్కించాలని తీర్మానమైంది. మొదట వైస్ చాన్సలర్ పేరు, దాని కింద ధనంజయ గారి పేరు, అంతే అన్నారు. రిజిస్ట్రారు తన పేరు లేకపోతే కొనుగోలు కాగితాలు కదలవన్నాడు. పాలకమండలి వాళ్లు తాము మనుషులం కాదా అన్నారు. గెస్టు హవుసు కట్టించిన కాంట్రాక్టరు ఒకాయన కూడా ఎక్కాడు. మొత్తం పదమూడు పేర్లు. విద్యార్థుల పేర్లు పెడితే పలక పెద్దదవుతుందని ‘మరియు విద్యార్థి బృందం’ అని ముగించారు. భూమికి వందల మైళ్ల పైన, గాలి కూడా లేని చోట, ఈ పదమూడు పేర్లు ఎవరు చదువుతారని ఒక్కరూ అడగలేదు. పేరు చెక్కించుకునేవాడికి చదివేవాడితో పని లేదు.

పలక బరువు నూట నలభై గ్రాములు. పెట్టె అప్పటికే పదకొండు కిలోలకు పది గ్రాములు తక్కువ. ఏదో ఒకటి తీయాలి. ధనంజయ గారు పెట్టె మూత తీయించి లోపలికి చూశారు. పరికరాలు తీయడానికి లేదు. కుడి గోడ వెంట వైరుకట్టను పట్టి ఉంచే అల్యూమినియం పట్టీలు కనిపించాయి, వాటి మరలు, కింద మెత్తలు, పైన ఏకాంబరం దారాలు. అవన్నీ తీసేసి, ఆ గోడ బయటి వైపు, ఆ రంధ్రాల్లోనే పలక బిగించమన్నారు. కొత్తగా రంధ్రాలు వేసే శ్రమ కూడా తప్పుతుందని ఎంతో సంతోషించారు.

పంకజాక్షి వద్దని చెప్పింది. మార్కులు ఎవరు వేస్తారో గుర్తుందా అని ఆయన అడిగారు. అప్పుడు ఏకాంబరం తొమ్మిదేళ్లలో మొదటిసారి ఒక ప్రొఫెసరుకు ఎదురు మాట చెప్పాడు.

“సార్, ఆ గోడకు పట్టీ లేకుంటే కట్ట ఊగతాది సార్. పలక మరల మొనలు లోపలికి పొడుసుకోని ఉండాయి. రాసుకుంటే వైరు తెగతాది.”

నేతపని వాళ్లు ఫిజిక్సు చెప్పే రోజులు వచ్చాయని ధనంజయ గారు నవ్వారు. గదిలో ఉన్నవాళ్లు కూడా నవ్వారు, ఆయన నవ్వారు కాబట్టి. ఏకాంబరం తన ముళ్లు ముప్ఫై ఆరు, తన చేత్తోనే కత్తిరించి తీశాడు. మనసు చివుక్కుమంది. అయినా ఫైలు గుర్తొచ్చి పలక బిగించాడు.

జూలైలో పెట్టె కోటకు బయలుదేరింది. దారిలో శ్రీకాళహస్తిలో కారు ఆపించి, పేరులోనే గ్రహం ఉంది కాబట్టి రాహుకేతువుల పూజ చేయించాలన్నారు ధనంజయ గారు. అయ్యవారు గోత్రం, నక్షత్రం అడిగాడు. గోత్రం ధనంజయ గారిది చెప్పారు, నక్షత్రం దగ్గర తడబడ్డారు. ఎప్పుడు పుట్టిందో చెప్పమంటే, ఇంకా పుట్టలేదు స్వామీ అని పంకజాక్షి అంది. చివరికి ధనంజయ గారి నక్షత్రమే దానికీ చెప్పి హారతి ఇచ్చారు.

కోటలో పెట్టెను బల్లకు బిగించి కుదిపారు. కిటికీ అద్దం అవతల ఏకాంబరం నిలబడి చూశాడు. పెట్టె బతికుందని చెప్పే ఎర్రదీపం నలభై లెక్కపెట్టేదాకా వెలిగింది, తర్వాత ఆరిపోయింది. మూత తీస్తే కుడి గోడ వెంట వైరుకట్ట మర మొనకు రాసుకుని, పైతొడుగు కోసుకుపోయి, రాగి బయటపడి ఉంది. మిగతా మూడు గోడల మీద ఒక్క ముడి కూడా కదలలేదు. ఇత్తడి పలకకు గీత కూడా పడలేదు. పెద్ద ఉపగ్రహం పక్కన మన పెట్టెకు ఉంచిన చోటులో ఇసుక నింపిన డబ్బా పెడతామని పైవాళ్లు చెప్పేశారు. బరువు సరిపోవాలి కదా.

పదమూడు పేర్లున్న పనికి ఇప్పుడు ఒక్క తప్పు చేసినవాడు కావలసి వచ్చాడు. విచారణ సంఘం వేశారు. వైర్లు తెగాయి, వైర్లు కట్టింది దారంతో, దారం ముడి వేసింది ఏకాంబరం, కాబట్టి ముడి జారింది అని ధనంజయ గారు తేల్చారు. లెక్కల పరీక్షలో ఇలా రాసిన పిల్లవాడికి ఆయనే సున్నా వేసేవారు.

అయితే ఇక్కడొక చిక్కు వచ్చింది. చిక్కు పట్టింది ఎస్టాబ్లిష్‌మెంటు సెక్షను సూపరింటెండెంటు మునిరామయ్య. ఇరవై ఏళ్లుగా రూల్సు పుస్తకం నమిలినవాడు. ఛార్జిమెమో ఇవ్వాలంటే ఎదుటివాడు ఉద్యోగి అయివుండాలి, మస్టరు రోలులో గీతకు మెమో ఇవ్వడానికి ఏ రూలూ ఒప్పుకోదు అన్నాడు. విచారణ సంఘం రెండు రోజులు తలపట్టుకుంది. చివరికి ఏకాంబరాన్ని, తేదీ వెనక్కి జరిపి, జూన్ ఒకటో తారీఖు నుంచి పర్మనెంటు మెకానిక్కుగా వేస్తూ ఆర్డరు తయారు చేశారు. అందులో ‘ఉపగ్రహ విచారణ నిమిత్తం’ అని ఒక మాట ఉంది. దాంతోపాటే మెమో. ముడి నేనే సరిగా వేయలేదు అని సంతకం పెడితే ఒక ఇంక్రిమెంటు ఆపి వదిలేస్తామన్నారు. తొమ్మిదేళ్లు మంచిగా పని చేస్తే రాని ఉద్యోగం, చేయని తప్పుకు వారంలో వచ్చింది.

ఏకాంబరం ఆర్డరు, మెమో రెండూ ఇంటికి తెచ్చాడు. దేవకమ్మ ఆర్డరు దేవుడి దగ్గర పెట్టింది. మెమో ఎక్కడ పెట్టాలో తెలియక బియ్యం డబ్బా మీద పెట్టింది. ముడి జారిందని రాయమంటున్నారని అతను చెప్పాడు. రాస్తే ఏమవుతుందని ఆమె అడిగింది. ఏమీ కాదన్నాడు. నాయన పోయి ఆరేళ్లయింది కాబట్టి ఆ మాట నిజమే. మరునాడు సంతకం పెట్టి వచ్చాడు. వచ్చినప్పటినుంచి సిగ్గుతో అన్నం సహించలేదు.

అంతటితో కథ ముగిసేది. కాని పంకజాక్షికి న్యాయం మీద నమ్మకం ఉంది, ఇరవై రెండేళ్ల వయసులో ఎవరికైనా ఉంటుంది. ఆమె జరిగింది జరిగినట్టు కోట ఇంజినీరుకు ఉత్తరం రాసింది. ఆయన వెంటనే విశ్వవిద్యాలయానికి రాశాడు. ముళ్లు ఎక్కడా జారలేదనీ, పట్టీలు తీసిన చోటే చెడిందనీ, తాను వచ్చి చూపిస్తాననీ. ఆ పిల్ల సంతోషంగా పరుగెత్తుకొచ్చి, తప్పు నీది కాదని తేలిపోతుంది, అన్నా, అని ఏకాంబరానికి చెప్పింది. అతనూ సంతోషించాడు, మునిరామయ్య పిలిచేదాకా.

మునిరామయ్య చెడ్డవాడు కాడు. రూలు ఎటు పోతే అటు పోయేవాడు, అంతే. ఎదురుగా కూర్చోబెట్టుకుని నిదానంగా వివరించాడు.

“సూడప్పా ఏకాంబరం. తప్పు నీది కాదంటే మెమో రద్దు. మెమో లేకుంటే విచారణ లేదు. విచారణ నిమిత్తం ఇచ్చిన ఆర్డరు యాడ నిలబడతాది? అదీ రద్దే. డిసెంబరుకు నీకు ముప్పై అయిదు నిండతాయి. ఇంగ నీ ఇష్టం.”

ఏకాంబరం చాలాసేపు కుర్చీలోంచి లేవలేదు. ఆ కుర్చీలో అతను కూర్చోవడం కూడా అదే మొదలు. ఇప్పుడు తన ముడి జారిందని పదిమందినీ నమ్మించే పని తన మీదే పడింది. కోటనుంచి ఇంజినీరు వస్తాడు, ఆయన ముందు ముడి వేసి చూపించమంటారు, అది జారాలి.

ఆ మధ్యాహ్నం లేబొరేటరీలో పంకజాక్షి దగ్గరికి పోయి, తల ఎత్తకుండా అడిగాడు.

“పాపా, నువ్వు ముందు ఏసేదానివే, ఆ ముడి ఎట్ల ఏస్తావో నాకు నేర్పిచ్చు.”

ఆమెకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక తన ఉత్తరం ఏం చేసిందో తెలిసి ఏడ్చింది. తర్వాత ముక్కు తుడుచుకుని, దారం తీసి, తన చేతకాని ముడి ఎలా వేస్తుందో నేర్పింది. ఏకాంబరం చూశాడు, వేశాడు. జారలేదు. మళ్లీ వేశాడు. కుడి బొటనవేలు చివర్లో దానంతట అదే ఇంకో చుట్టు తిప్పేస్తోందని ఆమే కనిపెట్టింది. ఆ వేలును ఎడమచేత్తో పట్టుకుని కూడా చూశాడు. సాయంత్రానికి పది వేస్తే ఒకటి జారింది. అది చాలనుకున్నాడు.

విచారణ అక్టోబరులో, వైస్ చాన్సలర్ గారి పక్క గదిలో జరిగింది. పొడవాటి బల్ల. సంఘం ముగ్గురు, ధనంజయ గారు, కోట ఇంజినీరు, రాసుకోవడానికి మునిరామయ్య, సాక్షిగా పంకజాక్షి. బల్ల మీద కాఫీలు, పక్కన చచ్చిన పెట్టె. ఏడు వైర్ల కట్ట ఒకటి, మైనం దారం ఒకటి ఏకాంబరం ముందు పెట్టారు. ఆ రోజు వేసినట్టే వేసి చూపించమన్నారు.

ఏకాంబరం వేశాడు. ఇంజినీరు అందుకుని గుంజాడు. కదల్లేదు. సభ కంగారులో సరిగా వేయలేదేమో, దాని పక్కనే మళ్లీ వేయమన్నారు ధనంజయ గారు. ఏకాంబరం బొటనవేలును అరచేతిలోకి మడిచి పెట్టుకుని, మిగిలిన వేళ్లతో వేశాడు. చెమట కారి చొక్కా వీపుకు అంటుకుంది. ఎప్పుడు విప్పుకుందో ఆ వేలు, చివరి చుట్టు తిప్పేసింది. ఇంజినీరు ఈసారి రెండు చేతులతో గుంజాడు, వైర్లు సాగాయి గాని ముడి సాగలేదు. మూడోసారి వేసిన ముడి ఆ రెంటికంటే గట్టిగా పడింది. భయపడ్డ చెయ్యి తనకు బాగా తెలిసిందే చేస్తుంది. ఏకాంబరానికి తన చేతి మీద కోపం వచ్చింది, ఆ కోపం వెనకే ఏడుపు వచ్చింది. రెండూ మింగాడు.

గదిలో అందరూ చూశారు. ముగ్గురు డాక్టరేట్లు, అద్దాలు పెట్టుకుని మరీ చూశారు. తర్వాత ధనంజయ గారు గొంతు సవరించుకుని, మునిరామయ్య వైపు తిరిగి, ముడి జారింది అని రాసుకోమన్నారు. సంఘంలో ఒకాయన తల ఊపాడు. ఒకరు ఊపారు కాబట్టి మిగిలిన ఇద్దరూ ఊపారు. మునిరామయ్య రాశాడు.

ఇంజినీరు మాత్రం కలం పట్టుకోలేదు. ఏకాంబరం ముఖంలోకే చూస్తూ అడిగాడు.

“నువ్వు చెప్పప్పా. జారిందా?”

పంకజాక్షి కళ్లు మూసుకుంది.

“జారింది సార్,” అన్నాడు ఏకాంబరం.

ఇంజినీరు ఇంకా ఏదో అడగబోయి ఆగాడు. ఆ మనిషి ముఖంలో ఏం చూశాడో, కలం తీసి సంతకం పెట్టాడు. అందరూ పెట్టారు. కాగితాలు సర్దుకున్నారు, ఇంకో విడత కాఫీ వచ్చింది.

అప్పుడు మునిరామయ్యకు ఆ వైర్లు స్టోరు సామానని, తిరిగి ఒప్పజెప్పాలని, ఏడూ విడివిడిగా ఉంటేగాని స్టోరు వాళ్లు తీసుకోరని గుర్తొచ్చింది. మూడు ముళ్లలో మొదటిది విప్పబోయాడు. గోరు విరిగింది. సంఘంలో చిన్నాయన పెన్ను మొనతో పొడిచి చూశాడు. ధనంజయ గారు అందరూ తప్పుకోండని చెప్పి తానే పట్టుకున్నారు, ఒకసారి పంటితో కూడా ప్రయత్నించారు. పావుగంట పట్టింది, విప్పడం ఎవరివల్లా కాలేదు. చివరికి బ్లేడు తెమ్మన్నారు. పర్మనెంటు మెకానిక్కు ఎదురుగానే ఉన్నాడు కాబట్టి బ్లేడు అతని చేతికే ఇచ్చారు. ఏకాంబరం బల్ల మీదికి వంగి, జారాయని తాను సంతకం పెట్టిన మూడు ముళ్లనూ, వైరుకు దెబ్బ తగలకుండా, జాగ్రత్తగా కోశాడు.